పన్నెండు గంటల విమానం

"విమానం నాలుగింటికి. పొద్దున పదింటికే వచ్చి ఇక్కడ కూర్చోవాల్సిన ఖర్మేంటి మీకు?"

నేను తలుపు తోసేసరికి ఇన్‌స్పెక్టర్ గొంతు గదంతా మారుమోగుతోంది. సామాన్లు పోగొట్టుకున్న ప్రయాణికులు ఫిర్యాదు ఇచ్చుకోడానికి ఎయిర్‌పోర్టు వాళ్ళు కేటాయించిన ఇరుకు గది అది. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మూల మంచినీళ్ళ యంత్రం, దాని పక్కన కాగితపు కప్పుల దొంతర. బల్లకి అటు ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఇటు, రెండు చేతులకీ బేడీలతో, తాళాల ఫ్యాక్టరీ పెద్దావిడ కోడలు కూర్చుని ఉంది.

ఇన్‌స్పెక్టర్ నన్ను చూసి మొహం చిట్లించాడు. "వచ్చారూ? బెల్లం దగ్గరికి ఈగ రావడం ఇవాళ కాస్త ఆలస్యమైందేం?"

"ఆ బెల్లం మీరేనని ఒప్పుకుంటే కూర్చుంటాను," అని కుర్చీ లాక్కున్నాను.

నేను ప్రైవేట్ డిటెక్టివ్‌ని. అందరూ ఉడుము అంటారు. పట్టుకుంటే వదలనని కొందరు మెచ్చుకోలుగా అంటే, మొహం కూడా అలాగే ఉంటుందని కొందరు ఎగతాళిగా అంటారు. ఇన్‌స్పెక్టర్ రెండో రకం. ఆయన మూసేసిన కేసులు రెండు నేను మళ్ళీ తెరిపించాను, అందుకని నా మీద ఆయనకి ఒళ్ళు మంట. నాకూ ఆయనంటే ప్రేమేం కారిపోవడం లేదు.

నన్ను పిలిచింది కోడలే. "నాకేమన్నా అయితే పోలీసుల కంటే ముందు ఉడుముకి ఫోన్ చెయ్యి," అని పెద్దావిడ ఆ పిల్లకి చెప్పి ఉంచిందట. నెలరోజుల క్రితం, తన ఆఫీసు గది బీరువా ఎవరో తెరుస్తున్నారన్న అనుమానంతో ఆవిడ నా దగ్గరికి వచ్చింది. నేను పదింటికి రమ్మన్నాను. ఎనిమిదింటికి నేను పాలపాకెట్ కోసం తలుపు తీస్తే మెట్ల మీద కూర్చుని ఉంది. "మీరు ఆలస్యంగా లేస్తారా?" అని నన్నే నిలదీసింది. ఆలస్యం అమృతం విషం అన్నది ఆవిడ ఊతపదం. అలాంటి మనిషి ఇప్పుడు ఆసుపత్రిలో తెలివి తప్పి పడి ఉంది.

జరిగింది ఇంతే. పెద్దావిడ, కోడలు కలిసి కొత్త యంత్రాలు చూడ్డానికి విదేశం బయల్దేరారు. ఎయిర్‌పోర్టుకి పదింటికే చేరారు. ఒంటిగంటకి పెద్దావిడ ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం తిని, రోజూ అదే టైముకి వేసుకునే గుండె మాత్ర వేసుకుంది. కాసేపటికి బల్ల మీంచి పక్కకి ఒరిగిపోయింది. ఆ క్యాప్సూల్ గొట్టంలో ఉన్నది గుండె మందు కాదని, ఇంకేదో పొడి అని డాక్టర్లు చెప్పారు. మాత్రల డబ్బా నింపేది కోడలు. కాబట్టి బేడీలు కోడలికి. ఇన్‌స్పెక్టర్ బుర్ర అక్కడితో ఆగిపోయింది.

"అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు రమ్మంటారు," అన్నాడాయన నాకు పాఠం చెబుతున్నట్టు. "అంతకు ముందొస్తే కౌంటరే తెరవరు. ఆరు గంటల ముందు వచ్చేవాళ్ళు రెండు రకాలు. మతి లేనివాళ్ళు, మతలబు ఉన్నవాళ్ళు. చుట్టుపక్కల అయినవాళ్ళెవరూ లేకుండా చూసుకుని, ముసలావిణ్ణి ఆ మూల కూర్చోబెట్టి, మాత్ర మింగించింది ఈవిడ."

"మా అత్తయ్యని కూర్చోబెట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదు," అంది కోడలు. తల మాత్రం దించలేదు. "లైన్లో మొదటి మనిషి తను కాకపోతే ఆవిడకి అన్నం సయించదు. నేనే మొత్తుకున్నాను, ఇంత ముందు ఎవరూ వెళ్ళరత్తయ్యా అని."

"మొత్తుకోవడం కాదు, అరిచింది. కౌంటర్ దగ్గర అమ్మాయి విన్నది. 'మీతో వేగలేక చస్తున్నాను' అన్నావా లేదా?"

"అన్నాను. రోజుకి రెండుసార్లు అంటాను. ఆవిడ నన్ను నాలుగుసార్లు అంటుంది. అయినా తిరిగొచ్చాక తన గది తాళం నాకే ఇస్తానంది. నువ్వే చూసుకో ఫ్యాక్టరీ అంది. అలాంటి మనిషిని నేనెందుకు చంపుకుంటాను?"

"ఇస్తానన్నదని ఎవరు చెప్పారు? నువ్వే కదా," అని ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

నేను ముందుకు వంగాను. "మధ్యాహ్నం మాత్రలు ఎన్ని పెట్టావు?"

"రెండు. ఒకటి వేసుకోడానికి, ఇంకోటి కింద పడితే అదనంగా. అత్తయ్య పద్ధతి అది, ఇంట్లో అందరికీ తెలుసు."

"ఎన్ని వేసుకుంది?"

"ఒకటే. నా ఎదురుగానే."

"రెండోది?"

"డబ్బాలోనే ఉండాలి కదా."

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ సంచిలో ఉన్న మాత్రల డబ్బాని బల్ల మీద టపీమని పెట్టాడు. రాత్రి మాత్ర అలాగే ఉంది. మధ్యాహ్నం గడి మాత్రం ఖాళీ. "రెండోది ఈవిడే బాత్రూంలో పారేసింది. సాక్ష్యం దొరక్కుండా."

"అంత తెలివే ఉంటే డబ్బా కూడా పారేసేది కాదూ?" అన్నాను. "ఈ డబ్బా ఉన్న హ్యాండ్‌బ్యాగ్ ఇంకెవరి చేతికైనా వెళ్ళిందా అమ్మా?"

ఆ పిల్ల ఆలోచించింది. "పొద్దున మమ్మల్ని కారులో తెచ్చింది మా ఆడపడుచు భర్త. సామాన్లు ట్రాలీలోకి ఎక్కించేదాకా బ్యాగ్ అన్నయ్యగారే పట్టుకున్నారు. గుమ్మం దగ్గరే అత్తయ్య ఆయన్ని పంపించేసింది. తర్వాత పదకొండున్నరకి మా ఆయనొచ్చారు. పది రోజులుగా ఊళ్ళు తిరిగి ఇవాళే దిగారు, నేరుగా ఇక్కడికే వచ్చారు. అప్పుడు నేను నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళాను. కాసేపు వాళ్ళమ్మ పక్కన కూర్చుని వెళ్ళిపోయారట."

"సరే, కథ విన్నారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మూడింటికి వ్యాను వస్తుంది. ఎక్కించి తీసుకుపోతాను. ఒకసారి స్టేషన్ రికార్డుల్లోకి ఎక్కిందంటే ఇక మీరు తలకిందులుగా తపస్సు చేసినా దింపలేరు."

నిజమే. నాకున్నది గంటకంటే తక్కువ. ఆ పిల్ల వైపు చూశాను. ముప్ఫై దాటి ఉండవు. బేడీల కింద మణికట్లు అప్పుడే ఎర్రగా కందాయి. ఆ వ్యాను ఎక్కితే ఈ పిల్ల బతుకు అక్కడికి సరి.

నేను లేచి హాల్లోకి వెళ్ళాను.

కౌంటర్ ఇప్పుడు తెరిచే ఉంది. పెట్టెలు తోసుకుంటూ లైను కదులుతోంది. పెద్దావిడ కూర్చున్న బల్ల చుట్టూ మాత్రం తాడు కట్టారు. ఆవిడ ట్రాలీ ఇంకా అక్కడే ఉంది, లైను మొదలయ్యే చోటికి సరిగ్గా ఆనించి. చోటు తనదని తెలిసేలా దాని మీద శాలువా పరిచి ఉంది. బల్ల మీద కడిగి తుడిచిన టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, కాగితపు రుమాళ్ళ పాకెట్ ఉన్నాయి. పాకెట్‌లో పైన ఉన్నది సగం రుమాలే. మడత మీద గీత గీసినంత నీట్‌గా చింపి ఉంది. పెద్దావిడ ఏదీ వృథా చెయ్యదు, ఒక రుమాలు రెండుసార్లకి వాడుతుంది. మిగతా సగం కోసం బల్ల కింద చూశాను, చెత్తబుట్టలో చూశాను. ఎక్కడా లేదు.

కౌంటర్ అమ్మాయి నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. "మేం తెరిచేదే మూడు గంటల ముందు మేడమ్. ఒంటిగంట దాకా ఆగాలమ్మా అంటే వినలేదు. తెరవగానే మొదటి పిలుపు ఆవిడకే. 'మాత్ర వేసుకుని వస్తా, నా చోటు ఎవరికీ ఇవ్వకు' అంది. ఇంతలోనే..."

"ఆవిడ దగ్గరికి ఎవరొచ్చారు?"

"ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు, కొడుకనుకుంటా. ఆవిడ బాగా చీవాట్లు పెట్టింది. వెళ్ళేటప్పుడు మాత్రం చిన్నపిల్లాడికి సర్దినట్టు చొక్కా జేబు సర్ది, బుగ్గ తట్టి పంపింది. ఇంకెవరూ రాలేదు."

"ఆవిడ దగ్గరికి కొడుకు వచ్చిన సంగతి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పావా?"

"ఆయన నన్ను ఒకటే అడిగారు. అత్తాకోడళ్ళు కొట్టుకున్నారా అని."

నేను తిరిగొచ్చేసరికి ఆ ఇరుకు గదిలో ఇంకో ఇద్దరు చేరారు. కొడుకు మూల గోడకి ఆనుకుని ఉన్నాడు. నలిగిన చొక్కా, నిద్రలేని కళ్ళు, ఛాతీ మీద చెయ్యి. తల్లికున్న గుండె జబ్బే అతనికీ ఉందట. అల్లుడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఇస్త్రీ చెదరని కోటు, చేతిలో తాళాల గుత్తి. దాన్ని వేలికి తగిలించి తిప్పుతున్నాడు.

"ఈవిడెవరు?" అన్నాడు అల్లుడు.

"ఉడుము," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పట్టించుకోకండి."

నేను కొడుకు దగ్గరికి వెళ్ళాను. "మీ భార్య ఈ పని చేసిందనుకుంటున్నారా?"

అతను ఆమె వైపు చూడలేదు. "ఏమో. ఇద్దరికీ క్షణం పడదు. కోపంలో... చేసినా చేసి ఉండొచ్చు."

కోడలు కళ్ళెత్తి మొగుణ్ణి చూసింది. అంతసేపూ ఇన్‌స్పెక్టర్ అరిచినా రాని నీళ్ళు ఆ ఒక్క మాటకి ఆమె కళ్ళలో తిరిగాయి. నాకు అతని చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"సరే. ఒక్క ప్రశ్న. అమ్మ విమానం ఎన్నింటికి?"

"రెండింటికి."

ఇన్‌స్పెక్టర్ చప్పున తలెత్తాడు. "నాలుగింటికయ్యా!"

"అమ్మ నాతో రెండింటికనే చెప్పింది. ఫోన్లో మూడుసార్లు చెప్పింది. పన్నెండు దాటితే లోపలికి వెళ్ళిపోతాను, మొహం కూడా చూడలేవు అంది. అందుకే పరిగెత్తుకుంటూ వచ్చాను."

కోడలు చిన్నగా నవ్వింది, ఏడుపులోంచే. "అత్తయ్య ఎవరికీ అసలు టైము చెప్పదండీ. ఈయన ఎక్కడికైనా రెండు గంటలు లేటు. అందుకని రెండు గంటలు ముందుకి జరిపి చెప్తుంది. ఎవరి బద్ధకాన్ని బట్టి వాళ్ళకో టైము. టికెట్లు తీసింది నేను కాబట్టి నాకు అసలుది తెలుసు. ఎవరితోనూ అనొద్దని ఒట్టు కూడా వేయించుకుంది."

"మరి మీకు?" అని అల్లుడి వైపు తిరిగాను. "మీకు ఎన్నింటికని చెప్పింది?"

గుత్తి తిరగడం ఆగింది. "నాలుగింటికి."

"ఎప్పుడు చెప్పింది?"

"పది రోజుల క్రితమే."

"మీరు టైముకొచ్చే మనిషేనా?"

"అన్నయ్యగారా?" అంది కోడలు. "సొంత పెళ్ళి ఫొటోల్లో సగం వాటిలో ఉండరు. ఈయనకైనా రెండు గంటలే, అన్నయ్యగారికి నాలుగు గంటలు జరిపి చెప్పాలని అత్తయ్యే అంటుంది."

"నోర్ముయ్," అన్నాడు అల్లుడు. "చేతులకి సంకెళ్ళున్నా నాలుకకి లేవు!"

"నాలుగింటి లోంచి నాలుగు గంటలు తీస్తే..." అని నేను మొదలుపెట్టాను.

ఇన్‌స్పెక్టర్ బల్ల గుద్దాడు. "చాలు మేడమ్! ఇది హత్యాయత్నం కేసా, చిన్నపిల్లల లెక్కల క్లాసా? ఎవరికి ఏ టైము చెబితే నాకేంటి? విమానం నాలుగింటికి, మాత్ర ఒంటిగంటకి. అంతే."

"అదేగా మీకు చెప్పాలనుకుంటున్నది. విషం పెట్టినవాడు ఆవిడ ఒంటిగంటకి ఎక్కడ ఉంటుందనుకున్నాడు? అది ఆలోచించారా?"

"ఎక్కడుంటే ఏంటి?"

"నేల మీద పడిపోతే పది నిమిషాల్లో ఆంబులెన్స్ వచ్చింది. డాక్టర్లు మాత్ర సంగతి పట్టేశారు. మీరు వచ్చారు. ఇంత గొడవ కావాలని ఏ హంతకుడైనా కోరుకుంటాడా? అదే గాల్లో ఉండగా పడిపోయిందనుకోండి. ఆసుపత్రి లేదు, పోలీసు లేడు. దిగేది పరాయి దేశంలో. పెద్దవయసు, గుండె జబ్బు, పోయింది అని రాసేస్తారు. ఈ పిల్లకి విమానం నాలుగింటికని తెలుసు. ఒంటిగంటకి ఆవిడ ఈ బల్ల మీదే ఉంటుందని కూడా తెలుసు. తెలిసి తెలిసి ఇక్కడ ఎందుకు పెడుతుంది? కొడుక్కి రెండింటికని తెలుసు, అతని లెక్కలోనూ ఒంటిగంటకి ఆవిడ నేల మీదే ఉంది. ఒంటిగంటకి ఆవిడ ఆకాశంలో ఉంటుందని నమ్మినవాడు ఒక్కడే ఉండాలి. విమానం పన్నెండింటికని విన్నవాడు."

అల్లుడు నవ్వాడు. "బాగుంది కథ. నాకు నాలుగింటికనే చెప్పిందని అన్నానుగా."

"ఇందాక హాల్లోంచి వస్తూ బోర్డు చూసి ఉంటారు."

"నిరూపించండి."

నా చూపు అతని గుత్తి మీద పడింది. పాత తాళపుచెవులన్నీ వాడి వాడి నల్లబడ్డాయి. ఒక్కటి మాత్రం కొత్తది, తళతళలాడుతోంది. అంచుల్లో అరగదీసిన గరుకు ఇంకా పోలేదు. "ఇది ఏ తాళానిది?"

అతను గుత్తిని గబుక్కున జేబులో వేసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆ కంగారు. "మా ఇంటిది."

"ఫ్యాక్టరీ ఆఫీసు నంబరు చెప్పమ్మా," అన్నాను కోడలితో. ఆమె చెప్పింది. ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. మేనేజరు ఎత్తాడు. పెద్దావిడ సంగతి ఇంకా తెలీనట్టుంది, గొంతు మామూలుగానే ఉంది.

"పెద్దమ్మగారి గది తాళం ఎవరు మార్చారు?" అన్నాను, ఊహించే.

అవతల మేనేజరు గొంతు తగ్గించాడు. "అల్లుడుగారేనండి. పన్నెండున్నరకి వచ్చారు. 'మీ పెద్దమ్మగారు గాల్లోకి లేచిపోయారు, ఇంక ఆ గది నాది' అని మనిషిని పెట్టి తాళం మార్పించారు. అమ్మగారికి చెప్పాలనుకున్నాం గానీ విమానంలో ఫోన్ కలవదుగా అని ఊరుకున్నాం. ఏమైందండీ?"

నేను ఫోన్ పెట్టేశాను. ఇన్‌స్పెక్టర్ మొట్టమొదటిసారి కోడలి మీంచి చూపు తీసి అల్లుడి వైపు తిప్పాడు.

"నాలుగింటి విమానం పన్నెండున్నరకే ఎలా లేచిపోయిందండీ?" అన్నాను.

అల్లుడి మొహంలో రంగు పోయింది. కానీ గట్టివాడు, వెంటనే తేరుకున్నాడు. కోటు సర్దుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. ముసల్ది నాకూ అబద్ధమే చెప్పింది. పన్నెండింటికని చెప్పింది. అందుకే తాళం మార్చాను. తాళం మారిస్తే ఉరి తీస్తారా? విషం నేను పెట్టానని ఎక్కడుంది? ఆవిడ మింగింది ఒక మాత్ర, అది ఆవిడ కడుపులో కరిగిపోయింది. నా వేలిముద్రలు ఏ గొట్టం మీద చూపిస్తారు? రెండోది మీరే పోగొట్టుకున్నారు. లేని మాత్రతో నన్నేం చేస్తారు?"

ఇన్‌స్పెక్టర్ పళ్ళు కొరికాడు. అల్లుడు చెప్పింది నిజమని మా ఇద్దరికీ తెలుసు. టైము తప్పు నమ్మినందుకు ఏ కోర్టూ శిక్ష వెయ్యదు.

బయట వ్యాను హారన్ మోగింది.

"ఏం చేస్తారు ఇన్‌స్పెక్టర్ గారూ? ఇప్పటికీ ఈ పిల్లనే తీసుకెళ్తారా?"

"డబ్బా నింపింది ఆవిడే," అన్నాడాయన. గొంతులో ఇందాకటి బింకం లేదు, కానీ మంకుపట్టు ఉంది. "సాక్ష్యం ఉన్నది ఆవిడ మీదే. నేను చూపించగలిగింది అదొక్కటే."

ఆయన కోడల్ని లేవమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె లేచి నిలబడింది. సంగతంతా తెలిసీ ఏమీ చెయ్యలేకపోవడం ఎంత నరకమో ఆ క్షణంలో తెలిసొచ్చింది.

ఇంతలో ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి డాక్టర్. ఆయన విని, నా వైపు తిరిగి విసుగ్గా అన్నాడు: "మీ పెద్దావిడకి ఒక్క నిమిషం తెలివొచ్చిందట. ఎవరు చేశారో చెబుతుందనుకుంటే, 'మావాడు మాత్ర వేసుకున్నాడా' అని అడిగిందట. మళ్ళీ కళ్ళు మూసింది."

మావాడు మాత్ర వేసుకున్నాడా.

సగం రుమాలు. సర్దిన చొక్కా జేబు. ఇద్దరికీ ఒకే జబ్బు, ఒకే మాత్ర.

నేను గిరుక్కున తిరిగాను. మూల నీళ్ళ యంత్రం దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో నిండా నీళ్ళున్న కాగితపు కప్పు. రెండో అరచేతిలో సగానికి చింపిన రుమాలు, దాని మధ్యలో క్యాప్సూల్. అతను దాన్ని అప్పటికే నోటి దగ్గరికి ఎత్తాడు.

నాకూ అతనికీ మధ్య బల్ల ఉంది. ఇన్‌స్పెక్టర్ వీపు అతని వైపు ఉంది. అల్లుడు మాత్రం సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. కప్పు నిండటం, రుమాలు విప్పడం, అంతా చూస్తూనే ఉన్నాడు. గట్టిగా ఒక్క మాటంటే చాలు. అతను పెదవి కదపలేదు.

"వద్దు!" అని నేను అరిచేలోపే కోడలు కదిలింది. బేడీలు వేసిన రెండు చేతులూ కలిపి ఎత్తి మొగుడి చేతి మీద బలంగా కొట్టింది. కప్పు ఎగిరి నీళ్ళు గోడంతా చిందాయి. క్యాప్సూల్ నేల మీద దొర్లుకుంటూ వచ్చి అల్లుడి కుర్చీ ముందు ఆగింది.

అల్లుడి బూటు పైకి లేచింది.

"ఆ కాలు కింద పెట్టావంటే విరగ్గొడతాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అప్పటికే ఒక చెయ్యి అతని కాలరు మీద, ఇంకో చెయ్యి మోకాలి మీద ఉన్నాయి. ఆయనంటే నాకు పడదు. కానీ ఆ కాలు పట్టుకున్నందుకు మాత్రం ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

కొడుకు అయోమయంగా చూస్తున్నాడు. "అది నా మధ్యాహ్నం మాత్ర. నేను మర్చిపోతానని అమ్మ పొద్దున తన డబ్బాలోంచి తీసిచ్చింది. ఒంటిగంటకి వేసుకోమంది. ఈ గొడవలో లేటైంది..."

"మీరు ఒంటిగంటకే వేసుకుని ఉంటే ఇప్పుడు మీ అమ్మ పక్క మంచం మీద ఉండేవాళ్ళు," అన్నాను.

నేల మీది క్యాప్సూల్‌ని ఆ రుమాలు సగంతోనే ఎత్తి ప్లాస్టిక్ సంచిలో వేశాను. తర్వాత అల్లుడి ముందు నిలబడ్డాను. "లేని మాత్ర అన్నారుగా. ఇదిగో. దీని మీద వేలిముద్రలు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. కానీ అది అతని నోటి దాకా వెళ్ళడం మీరు చూశారు. అదేంటో తెలిసే నోరు మూసుకున్నారు. తెలియకపోతే తొక్కబోయేవారు కాదు."

అతని జేబులో గుత్తి గలగలమంది.

ఇన్‌స్పెక్టర్ కోడలి బేడీలకి తాళం పెట్టి తిప్పాడు. తెరుచుకోలేదు. మళ్ళీ లాగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"రెండుసార్లు తిప్పాలి," అంది ఆమె. "మా ఫ్యాక్టరీవే. అత్తయ్య చేయించిన డిజైను."

రెండోసారికి బేడీలు ఊడాయి. అవే అల్లుడి చేతులకి పడ్డాయి. బయట హాల్లో మైకు మోగింది. నాలుగింటి విమానం కౌంటర్ మూసేస్తున్నారని రెండు భాషల్లో చెప్పారు. అన్ని లైన్లలోనూ ముందు నిలబడిన మనిషికి, బహుశా జీవితంలో మొదటిసారి, విమానం తప్పిపోయింది.

కొడుకు భార్య దగ్గరికి వచ్చాడు. చెయ్యి ముట్టుకోబోయి ఆగిపోయాడు. "ఇందాక... నీ గురించి నేనలా అనకుండా ఉండాల్సింది."

కోడలు కందిన మణికట్లు రుద్దుకుంది. "ఈ మాటక్కూడా లేటుగానే వచ్చారు," అంది. ఆమె కోసం వచ్చిన వ్యానునే ఆసుపత్రికి పోనిమ్మని డ్రైవరుతో చెప్పి, అతనికోసం ఆగకుండా ఎక్కి కూర్చుంది.